దేవమ్మ వేలిగీతలు

తొంభై నాలుగులో పాశమైలారం డ్రమ్ముల యార్డుకు పోయే ఆడవాళ్లు, పొద్దున్నే పిల్లలకు జడలు వేసి ఒకసారి వాళ్ల అరచేతులు తిప్పి చూసేవాళ్లు. కంపెనీల ఖాళీ డ్రమ్ములను కాస్టిక్ సోడా నీళ్లతో కడిగీ కడిగీ తల్లుల వేళ్ల మీది గీతలు అరిగిపోయేవి. అరిగినవి ఇంటికొచ్చి పిల్లల చేతుల మీద తేలేవి. ఆ వాడలో అది జలుబు చేసినంత మామూలు. చేయి చూసి జోస్యం చెప్పేవాళ్లు మాత్రం ఎవరి రాత ఎవరిదో అంతుపట్టక అటు రావడం మానేశారు.

దేవమ్మ గీతలు కూతురు పుష్ప ఎడమచేతికి వచ్చాయి. భర్త పోయాక ఆమెకు ఉన్నది ఆ పిల్ల, ఆ పని. పుష్ప ఏడో తరగతిలో స్కాలర్‌షిప్పు పరీక్ష గెలిచింది. ఇంటర్ దాకా హాస్టలు, పుస్తకాలు అన్నీ సర్కారే చూసుకుంటుంది. తల్లి వేలిముద్రతో ఫారం ఇవ్వడానికి శనివారం సాయంత్రం ఐదింటి దాకే గడువు. దాటితే సీటు ఇంకో పిల్లకు పోతుంది, సోమవారం నుంచి పుష్ప డ్రమ్ములకు పోతుంది. ఇద్దరూ రావాలని యార్డు మేస్త్రీ మొగులయ్య ముందే చెప్పిపెట్టాడు.

సంగారెడ్డి ఆఫీసులో గుమస్తా బాపిరాజు ఫారం మీది నల్లటి మరకను చూసేసరికి నాలుగున్నర అయింది.

“ఇదేంటమ్మా, ముద్రలో గీత ఒక్కటీ లేదు? పోయినేడు దరఖాస్తు మీద వేసినదానితో కలవాలి కదా.”

“అప్పుడు జెర ఉండె సారూ. ఇప్పుడు మొత్తం అరిగినయి. పిల్ల చేతిల ఉన్నయి.”

“ఉంటే వేయించండి. ఐదింటికి కౌంటర్ మూసేస్తాను.”

పుష్ప చేయి చాపలేదు. ఎండాకాలం సెలవుల్లో ఇరవై రోజులు తల్లితో డ్రమ్ములు కడిగింది. అప్పటినుంచి ఎడమ పిడికిలి బిగించుకునే జడ వేయించుకుంటోంది.

“సూపియ్యి బిడ్డా,” అంటూ దేవమ్మ పిడికిలి విప్పింది. నాలుగు వేళ్లూ నున్నగా ఉన్నాయి. బ్రష్షు పట్టేటప్పుడు లోపలికి ముడుచుకున్న బొటనవేలి మీద మాత్రం సన్నటి గీతలు మిగిలాయి.

మొదటిసారి ముద్ర సగమే పడింది. బాపిరాజు తల అడ్డంగా ఊపాడు. దేవమ్మ కొంగుతో ఆ వేలు తుడిచి, సిరా అద్ది, రెండు చేతులా పట్టుకుని మెల్లగా నొక్కింది. బాపిరాజు భూతద్దం తీసుకుని రెండు ముద్రలనూ చాలాసేపు మార్చిమార్చి చూశాడు. తల్లీకూతుళ్లు గడియారం వైపు చూడలేదు.

“కలిసింది,” అని స్టాంపు కొట్టాడు. “ఏటేటా ఈ ముద్రే కావాలి. జాగ్రత్త.”

బస్టాండులో దేవమ్మ ఏడ్చింది. “నేనే తోల్కపోయిన. నా చేతులతోని నేనే అరగదీస్తుంటి. ఇగ నువ్వు ఇంట్ల బోళ్లు సుత తోమకు.”

“నీకు నొస్తలేదా అమ్మా?” అంది పుష్ప.

“నాకేమున్నది అరగనీకి?”

సోమవారం యార్డు గేటు దగ్గర మొగులయ్య రెండు బ్రష్షులు పట్టుకుని నిలబడ్డాడు.

“పిల్లేది? ఇద్దరు రావాలన్న గద.”

“నా చెయ్యి సదువుకు పోయింది మొగులన్నా,” అంది దేవమ్మ.

మొగులయ్య ఒక్క బ్రష్షే ఇచ్చాడు.