రంపానికి రెండో పిడి

అది రెండో వరద వచ్చిన ఏడు. కొన్నేళ్ల ముందు వచ్చిన మొదటి వరద వంతెనను తీసుకుపోయింది. రెండోది మా మందిరం తలుపును ఊడబీక్కుపోయి, దానికి బదులన్నట్టు ఒక పెద్ద దుంగను తెచ్చి వాకిట్లో పడేసి పోయింది.

నీళ్లు తీశాక పాస్టరుగారు ఆ దుంగ చుట్టూ తిరిగి చూశారు.

"దీనితోనే తలుపు చేయిద్దాం పెద్దాయనా. కోసిపెడతావా?"

తల ఊపాను. నేను కోతవాణ్ణి. మూడేళ్లు బడికి పోయాను, ఆ తర్వాత అంతా రంపమే. అయితే పెద్ద రంపానికి రెండు పిడులుంటాయి. దుంగను గుంట మీద అడ్డంగా పెడతారు. ఒకడు దుంగ మీద నిలబడి, గీత చూసుకుంటూ పైకి లాగుతాడు. ఇంకొకడు గుంటలో నిలబడి కిందికి లాగుతాడు. కిందివాడి కళ్లలో, నోట్లో, మెడ వెనక రంపపు పొట్టు రాలుతూనే ఉంటుంది.

మా జోడీలో పైన నేను, కింద నా బావమరిది. పెద్దవాణ్ణి, పైగా బావను కాబట్టి పై చోటు నాదే. వాడు గుంటలోంచి ఊరికే ఉండేవాడు కాదు.

"గీత మీద నడు బావా. ఇంటల్లుడివి కదా అని దారి తప్పితే ఊరుకోను" అనేవాడు.

నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. వాడి మాటలే ఇద్దరికీ సరిపోయేవి.

మొదటి వరద తర్వాత ఆ మాటలు ఆగిపోయాయి. నీళ్లు తీశాక జ్వరాలు వచ్చాయి. నా భార్య మంచం పట్టింది. డాక్టరు వచ్చి చూసి, ఇంక ప్రార్థన చేసుకోండని వెళ్లిపోయాడు. మర్నాడు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పెరట్లో రంపం చప్పుడైంది. వెళ్లి చూస్తే బావమరిది మా గుంట మీదే, ఇంకొకణ్ణి పైన నిలబెట్టి, చెక్కలు కోస్తున్నాడు. వాటి పొడుగూ వెడల్పూ చూడగానే ఏ పెట్టెకో తెలిసిపోయింది. లోపల ఆమె ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది.

లోపలికి వచ్చి కిటికీ మూశాను. ఆమె పోయేదాకా, అన్ని రోజులూ, ఆ చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. వాడు వచ్చి, ఎండ ఎటు తిరిగితే అటు వాటిని తిప్పి పెట్టి పోయేవాడు, బట్టలు ఆరేసినట్టు. పాతిపెట్టిన రోజు నుంచి నేను వాడితో మాట్లాడలేదు.

పెద్ద రంపం గోడకెక్కింది. చిన్న రంపంతో స్టూలు కాళ్లు, కత్తి పిడులు చేసుకుంటూ బతికాను. ఒక్కడికి పొయ్యి వెలిగించడం, ఒక్కడి గిన్నె కడుక్కోవడం. ప్రార్థన చివర ఆమేన్ అన్నప్పుడు తప్ప నా గొంతు నాకే వినపడని రోజులు చాలా ఉన్నాయి.

మందిరంలో నెలకోసారి ప్రభువు బల్ల, యేసు పేరున అందరం రొట్టె పంచుకు తినే ఆరాధన. రొట్టె పళ్లెం బెంచీ వెంట బెంచీ చేతులు మారుతూ పోతుంది. పళ్లెం కదలకముందు పాస్టరుగారు ఒక మాట అంటారు. మీకూ ఇంకొకరికీ మధ్య ముల్లుంటే ముందు అది తీసేసుకుని రండి, తర్వాత చెయ్యి చాపండి, అని. నాకు ముల్లుంది. అందుకని పళ్లెం పక్కవాళ్లకు అందించి కూర్చునేవాణ్ణి. నాది ముందు బెంచీ, ఆమె ఉన్నప్పటి నుంచీ. వాడిది తలుపు దగ్గర ఆఖరి బెంచీ. వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు. వాడు మాత్రం దర్జాగా తీసుకుని తింటున్నాడనే అనుకునేవాణ్ణి. అది తలుచుకుంటే ముల్లు ఇంకాస్త దిగేది.

దుంగ కోతకు ఒక కూలీ మనిషిని పెట్టుకున్నాను. వాకిట్లో ఇద్దరం గుంట తవ్వాం. తీరా రంపం పట్టాక నేను లాగితే అతనూ లాగుతాడు, నేను వదిలితే అతనూ వదులుతాడు. రంపం దుంగలో బిగుసుకుపోయింది. మధ్యాహ్నానికి అతను పైకెక్కి కళ్లు తుడుచుకున్నాడు.

"పెద్దాయనా, నువ్వేమో నోరు విప్పవు, నాకేమో కింద కళ్లు కనపడవు. నీతో కోత కంటే గోడతో కాపురం నయం" అని వెళ్లిపోయాడు.

మందిరం ఊడుస్తున్న రొట్టెలమ్మ ఇదంతా చూస్తోంది. బల్లకు రొట్టె కాల్చేది ఆమే, అందుకే ఆ పేరు. చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"పిట్టలకు ఇంకెన్నాళ్లు పెట్టమంటావు?" అంది.

"ఏ పిట్టలకు?" అన్నాను.

"మనుషుల్ని చూసుకునే రొట్టె ముక్కలు చేస్తాను. ప్రతిసారీ రెండు మిగులుతాయి. ఇంటికి పట్టుకుపోయి పిట్టలకు వేస్తాను. మీ ఇద్దరి పుణ్యాన మా పెరట్లో పిట్టలు ఎగరలేకపోతున్నాయి."

"ఇద్దరా?"

"ఒకటి నీది. రెండోది నీ బామ్మర్దిది. నువ్వు మానేసిన నెలే వాడూ మానేశాడు. నీకు తెలీదా?"

నాకు తెలీదు.

సాయంత్రం వాడింటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని కుర్చీకి మేకులు కొడుతున్నాడు. వాడిదీ ఒంటి బతుకే. తల ఎత్తలేదు.

"దారి తప్పావా బావా?"

"దుంగ కొయ్యాలి."

"విన్నాను. కూలీ మనిషి పారిపోయాడట. పాపం, పెళ్లాం బిడ్డలున్నవాడు."

మెట్టు మీద కూర్చున్నాను. "రొట్టె ఎందుకు తీసుకోవు?" అన్నాను.

సుత్తి ఆగింది.

"ముందు బెంచీలో ఒకాయనకు నా మీద ముల్లుంది. తెలిసీ ఎట్లా తీసుకుంటాను?" సుత్తి కింద పెట్టి మళ్లీ అన్నాడు. "ఒక్కటి చెప్పు బావా. ఆ రోజు రంపం చప్పుడు అక్కకు వినపడిందా?"

ఇన్నేళ్లూ వాడు మోస్తున్నది అదన్నమాట.

"లేదు. అప్పటికే చెవిలో నోరు పెట్టి పిలిచినా పలకడం లేదు. నాకే వినపడింది."

వాడు చేతిలో మేకు వంక చూస్తూ కూర్చున్నాడు.

"నేలంతా తడి బావా. పచ్చి చెక్కతో చేస్తే మూత వంకరపోతుంది. సందులోంచి నీళ్లు కారతాయి, అక్క మీద. పోయాక కోస్తే ఎండడానికి టైమేదీ? పోకూడదని ప్రార్థన చేసుకుంటూనే కోశాను. రెండూ కలిపి చేశానంటే ఎవరు నమ్ముతారు?"

పచ్చి చెక్క సంగతి కోతవాడిగా నాకు తెలియనిది కాదు. మొగుడిగా ఆ రోజు తలకెక్కలేదు.

"మూత బాగా కూర్చుంది" అన్నాను.

వాడు మొహం చొక్కాకు తుడుచుకున్నాడు. నేను లేవబోతుంటే అన్నాడు.

"నా నడుం పోయింది బావా. గుంటలోకి దిగితే మళ్లీ పైకి రావడం నా వల్ల కాదు."

పైన నిలబడటానికి వస్తాననీ వాడు అనలేదు, రాననీ అనలేదు. ఇంటికి వచ్చి పడుకున్నాను.

మర్నాడు తెల్లవారుతూనే వాకిట్లోకి వెళ్లాను. రంపాన్ని దుంగలోంచి విడిపించి, ఆకురాయితో పళ్లు పదును పెట్టాను. సుద్ద తాడుతో గీత మళ్లీ కొట్టాను. రంపాన్ని మళ్లీ దుంగలోకి దించి, పై పిడిని పైనే ఉంచి, తలకు తువ్వాలు చుట్టుకుని గుంటలోకి దిగాను. కింద నిలబడటం అదే మొదలు. అక్కడి నుంచి మనుషులు కనపడరు, కొంచెం ఆకాశం కనపడుతుంది. కింది పిడి పట్టుకుని నిలబడ్డాను. ఎండ గుంట అంచు దాకా వచ్చింది. ఇంకా నిలబడ్డాను.

పైన చెప్పులు విడిచిన చప్పుడైంది. పిడి కదిలింది.

"గీత మీద నడు" అని, కిందికి లాగాను. నోరు తెరిచినందుకు నిండా పొట్టు పడింది.