అతిథికి పరచిన తివాచీ

ఆస్తమా మందు ఇచ్చే ధర్మసంస్థ నుంచి మేడం జీహాన్ వస్తోందనగానే మబ్రూకా ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ తిరిగింది. ఎదురింటి తివాచీ, పక్కింటి బంగారు అంచు గ్లాసులు, పై అంతస్తు ఉమ్ సయ్యద్ ఫ్యాను తెచ్చుకుంది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త నేల మీద కూర్చోబెడితే కైరోలోని ఆ సందులో పరువేం మిగులుతుంది?

మేడం టీ తాగుతూ గదంతా కలియజూసింది. "బాగానే ఉన్నారుగా! మేం లేనివాళ్ళకే ఇస్తాం."

లోపలి గదిలో ఆస్తమాతో కూతురు జహ్రా ఛాతీ పిల్లికూతలు కూస్తోంది.

"ఇవన్నీ అరువువి మేడం. మీరొస్తున్నారని తెచ్చాను."

"అందరూ ఇదే మాట. పేదవాళ్ళు పేదవాళ్ళలా ఉండాలి కదమ్మా!"

మబ్రూకాకు ఒళ్ళు మండింది. తలుపు తీసి కేకేసింది. "ఎవరి సామాను వాళ్ళు పట్టుకుపోండర్రా!"

ఉమ్ సయ్యద్ దిగొచ్చి ఫ్యాను తీగ పీకింది. "మేడం గారికి గాలి చాల్లే. పైన మా ఆయన ఉడికిపోతున్నాడు." పక్కింటావిడ మేడం చేతిలోని గ్లాసు అందుకుంది. ఎదురింటావిడ వంగి, "కాస్త లేస్తారా తల్లీ? తివాచీ మాది" అంది.

మేడం లేచింది. కాళ్ళ కింద పగుళ్ళ సిమెంటు నేల.

"ఇప్పుడు సరిపోయిందా మా పేదరికం?" అంది మబ్రూకా.

మేడం సంచిలోంచి మందు డబ్బా తీసింది. రెండో చేత్తో ఫోన్ ఎత్తింది. "పిల్లని కూడా పిలువు. ఫోటో కావాలి."

మబ్రూకా డబ్బా లాక్కుంది. లోపలి గదిలోకెళ్ళి, మేడం మొహం మీదే తలుపు గడియపెట్టి, మందు జహ్రా నోటికి అందించింది.