లోపలి నుంచి తట్టిన తలుపు

పొద్దున్నే కొట్టు ఊడ్చి, రంపపుపొట్టు గోనెలోకి ఎత్తి, బల్ల మీద ప్లాను పరిచి మూలల్లో బరువులు పెట్టడం ఆమె పని. చదివి చెప్పడం కూడా ఆమె పనే. వడ్రంగి మొగుడికి దగ్గరివి కనపడవు. కళ్ళజోడు పెట్టుకోమంటే ముక్కు నొప్పంటాడు.

"లావు గీత గోడ. జంట గీతలు కిటికీ. చుక్కల గీత తల పైన వచ్చేది, అటక. సిల్లంటే కిటికీ కింది గట్టు, లింటెలంటే పైన దిమ్మె."

పెళ్ళయిన కొత్తలో ఇవన్నీ అతనే నేర్పాడు. ఇప్పుడు ఆమె చెప్తే అతను చెక్క మీద గురుతు పెడతాడు.

పరిచాక ఇద్దరూ కాసేపు వినేవాళ్ళు. కాగితంలోంచి ఆ ఇంట్లో జరగబోయే చప్పుళ్ళు వచ్చేవి. వంటగది గీతల్లోంచి గిన్నెలు, పడకగది గీతల్లోంచి గురక. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పక్క కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన టీ గ్లాసుతో వచ్చి, "ఇవాళ ఎవరింట్లో పోట్లాట?" అని అడిగి వెళ్ళేవాడు. ఒకసారి ఎవరిదో అటక మీంచి పెట్టె దబ్బున పడింది. అటక కాస్త దించి కట్టారు. అంతే.

కూతురు కుట్టుపనికి వెళ్తుంది. మేడ మీద పొడుగాటి హాలు, వరసగా మిషన్లు. ఆ హాలుకి తలుపు బిగించింది వీళ్ళే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల వేలికి ఇత్తడి తొడుగు అట్లాగే ఉంటుంది. దాంతోనే తలుపు కొడుతుంది. టిక్ టిక్. టిక్.

"పెట్టు చిల్లు. అందులోంచి దారం ఎక్కిద్దువుగాని."

"నాన్న చేసిన తలుపేగా. చిల్లు పడితే నాన్నే పూడుస్తాడు."

రోజూ ఇదే భాగోతం.

ఆ రోజు హాల్లో అరలు కావాలని కబురొచ్చింది. గోడ కొలత కోసం ఆమె పాత ప్లాను తీసి పరిచింది. మిషన్ల రొద. కత్తెర. ఎవరిదో నవ్వు. ఆమె స్కేలు పెట్టింది.

మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

కుర్చీలు పడ్డాయి. ఎవరో దగ్గారు. తరవాత అందరూ దగ్గారు. ఆ దగ్గుల మధ్య, తలుపు గీత దగ్గర, టిక్ టిక్. టిక్.

"ఎవరో వచ్చినట్టున్నారు," అన్నాడు మొగుడు చిత్రిక పడుతూ.

"వచ్చినవాళ్ళు బయట నుంచి కొడతారు," అంది ఆమె. "ఇది లోపల్నుంచి."

చిత్రిక ఆగింది.

ఆమె వేలు తలుపు దగ్గరున్న వంపు గీత మీదికి పోయింది. తలుపు ఎటు తెరుచుకోవాలో చెప్పే గీత అది. హాల్లోకి కాదు, మెట్ల వైపు వంగి ఉంది. పక్కన ఇంజనీరు ఎగ్జిట్ అని రాశాడు. కింది మూలన సన్నటి అక్షరాల్లో నియమం: ఎక్కువమంది పనిచేసే గది తలుపు, జనం బయటికి పోయే దిశలోనే తెరుచుకోవాలి.

అన్నీ అప్పుడే చదివి వినిపించింది. అప్పుడతను నవ్వాడు. "బయటికి పోని తలుపుంటుందా? పెన్ను జారింది పాపం ఆయనకి. బయటికి తెరిస్తే మడతబందులు కూడా బయటే ఉంటాయి. దొంగకి మనమే స్క్రూడ్రైవరు ఇచ్చినట్టు." ఆమెకీ సబబే అనిపించింది. ఇన్నేళ్ళలో వీళ్ళు పెట్టిన ప్రతి తలుపూ లోపలికే తెరుచుకుంది. ఇదీ అట్లాగే బిగించి వచ్చారు.

"గడియ తీసి లాగితే వస్తుంది కదే," అన్నాడు అతను.

"లాగాలంటే ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. వెనక నుంచి అంతమంది మీద పడుతుంటే అడుగెక్కడ వేస్తుందండీ?"

టిక్. మళ్ళీ వినపడలేదు.

అతను పొట్టులో అట్లాగే చతికిలబడ్డాడు. ఆమె ప్లాను చుట్టింది. ఉలి, సుత్తి, గునపం సంచీలో వేసింది.

"లేవండి," అంది.

హాలు నడిపే మేడం గునపం చూసి గుమ్మంలోనే అడ్డం వచ్చింది. "అరలు చెయ్యమంటే తలుపు పీకుతారేంటి మేస్త్రీ? ఆర్డరు నెత్తి మీదుంది నాకు."

ఆమె బట్ట కత్తిరించే బల్ల మీద ప్లాను పరిచింది. అందరూ మిషన్లు ఆపి విన్నారు.

"ఆ దగ్గు నాదే," అంది బొత్తాలు కుట్టే అమ్మాయి, మెల్లిగా.

కూతురు తన వేలి తొడుగు వంక చూసుకుంది. చెయ్యి చున్నీ కింద పెట్టుకుంది.

మేడం చివరిదాకా విని, "దొంగల సంగతి నేను చూసుకుంటాను. పీకండి," అంది. నిప్పు ఎక్కడ అంటుకోవచ్చో చూడమని కరెంటతన్ని కూడా పిలిపించింది. అతను వైర్లన్నీ వెతికి, ఏమీ లేదన్నాడు.

గోడ తవ్వారు. గుమ్మం ఊడదీసి తిప్పారు. తలుపు కూర్చునే గాడి మెట్ల వైపుకి వచ్చింది. బిగించాక ఆమె అరచేత్తో నెట్టి చూసింది. వెళ్ళింది. భుజంతో నెట్టింది. వెళ్ళింది. మళ్ళీ నెట్టింది.

"చాల్లేవే, అరిగిపోతుంది," అన్నాడు మొగుడు.

మెట్లు దిగుతూ కూతురి చెయ్యి పట్టుకుంది. "మానెయ్యవే."

"నా చోట్లో ఇంకో పిల్లని కూర్చోపెడతారమ్మా. ఆ పిల్ల వేలికి తొడుగు ఉండకపోతే నీకు వినపడను కూడా వినపడదు."

ఆమె చెయ్యి వదిలేసింది.

ఆ ప్లాను మళ్ళీ పరచలేదు. పరిచే ధైర్యం లేదు. చుట్టి ఇంట్లో అటక మీద పడేసింది. అన్నం తింటూ ఆగిపోయేది. మొగుడు దగ్గితే ఉలిక్కిపడేది.

వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం, ఇద్దరూ ఇంట్లో ఉండగా తాళాలాయన వీధిలోంచి కేక వేశాడు. "మేస్త్రీ! మీ పిల్ల పనిచేసే మేడ మీంచి పొగ!"

మొగుడు చెప్పులు కూడా లేకుండా బయటికి దూకి, తలుపు దభాలున మూసి పరిగెత్తాడు. ఆమె వెనకే లేచింది. గోడ పట్టుకుని కూలబడింది. వీధిలో జనం పరుగులు. ఎవరిదో ఏడుపు. ఆమెకి ఏడుపు రాలేదు. ఎదురుగా తలుపునే చూస్తూ కూర్చుంది.

టిక్ టిక్. టిక్.

అటక మీద ప్లానులోంచేమో అని తలెత్తింది.

టిక్ టిక్.

తలుపు మీదే. ఆమె పాక్కుంటూ వెళ్ళి, లేచి, తలుపు నెట్టింది. రాలేదు. రెండు చేతులా నెట్టింది. భుజం ఆనించి నెట్టింది. చెంప చెక్కకి ఒరుసుకుంది. ఎంత నెట్టినా రాలేదు.

"అమ్మా," అంది అటునుంచి కూతురు, పొగ పట్టిన గొంతుతో. "అందరం దిగేశాం. నువ్వట్లా నెడుతుంటే నేనెట్లా రాను? లాగమ్మా."