పాత తెర మీద మిగిలిన ఉత్తరం

టీ కప్పు పక్కన పెట్టి, కంట్రోల్, ఆల్ట్ మీటలు పట్టుకుని రెండు అంకె నొక్కడంతో కామాకు రోజు మొదలవుతుంది. పెద్ద తెర పక్కనున్న పాత చదరపు మానిటర్ కళ్లు నులుముకుంటూ వెలుగుతుంది. ఒకటి నొక్కితే అది ఆరిపోయి పెద్దది ఒక్కటే మిగులుతుంది. లినక్స్‌లో ఈ ఏర్పాటు చేసింది నాన్న. ప్రెస్సులో ముప్ఫయ్యేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి, అరవయ్యో ఏట కంప్యూటర్ ముందు కూర్చుని, దానికి కావాల్సిన నాలుగు వరుసల కోడ్ రాయడానికి నాలుగు రోజులు తిప్పలు పడ్డాడు. మాటకు చుక్క పెట్టదని కూతురిని కామా అని పిలిచిందీ ఆయనే.

ఆయన పోయి మూడేళ్లు. కామా ఇంటినుంచే ఆ ప్రెస్సుకు పేజీలు కూరుస్తుంది. సాయంత్రం పేజీని పాత తెర మీదకు జరిపి ఒకటి నొక్కితే, మర్నాడు పొద్దున రెండు నొక్కేసరికి అది ఎర్రగీతలతో తయారుగా ఉంటుంది. ఇంట్లో ఎవరికీ అది వింత కాదు.

"నిన్న మీ నాన్న ఎన్ని తప్పులు పట్టారే?" అంటుంది అమ్మ, బట్టలు మడతపెడుతూ.

"పదకొండు."

"చూపు ఇంకా బాగానే ఉందన్నమాట."

ఒక్కటే లోటు. ప్రెస్సులో ఉన్న రోజుల్లో నచ్చిన పేజీ చివర ఆయన చిన్న టిక్కు పెట్టి 'అచ్చుకు పంపొచ్చు' అని రాసేవాడు. కామా పేజీకి ఆ భాగ్యం ఒక్కనాడూ పట్టలేదు.

ఒకరోజు ప్రెస్సు యజమాని ఫోన్ చేశాడు. "నా వల్ల కావట్లేదమ్మా. ప్రెస్సు నువ్వు తీసుకుని నడుపుతావా? రేపటికల్లా చెప్పు. లేదంటే తాళం వేసేస్తాను."

ఆ సాయంత్రం కామా జవాబు రాసింది. చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని వెళ్లిన ఆ గది సిరా వాసన, ఏ మెషిన్ ఎలా దగ్గుతుందో, ఏ పుస్తకాలు మళ్లీ వెయ్యాలో, అన్నీ రాసుకుంటూ పోయింది. చివర ఒక్క వాక్యం చేర్చింది: 'నాన్న లేకుండా ఇది నాకు చేతకాదు.' అలవాటు పడిన చెయ్యి ఊరుకుంటుందా? ఉత్తరాన్ని పాత తెర మీదకు జరిపి ఒకటి నొక్కేసింది. నాలుక కరుచుకుని వెంటనే రెండు నొక్కింది. తెర వెలిగింది గానీ ఉత్తరం లేదు. దిద్దుతున్న కాగితాన్ని నాన్న మధ్యలో ఎవరికిచ్చాడు గనక!

పొద్దున వచ్చింది. ఎర్రగీత ఒకే ఒక్కటి, ఆ చివరి వాక్యం మీద. కింద చిన్న టిక్కు. అచ్చుకు పంపొచ్చు.

కామాకు ఏడుపు ఆగలేదు. ఆ వాక్యం తీసేస్తే ఉత్తరమంతా ప్రెస్సు తీసుకుంటానన్నట్టే ఉంది. దాన్ని తీసేసి యజమానికి పంపేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు రెండు నొక్కినా పాత తెర వెలగలేదు.

"ఎన్ని తప్పులే ఇవాళ?" లోపల్నుంచి అమ్మ అడిగింది.

"ఒక్కటేనమ్మా," అని కళ్లు తుడుచుకుని, ప్రెస్సు తాళాలు తెచ్చుకోవడానికి చెప్పులు వేసుకుంది.