బంక చేతులు

మా తమ్ముణ్ణి హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో అందరూ బంక అంటారు. గోల్ ముందు వాడు నిలబడితే వచ్చిన బంతి వచ్చినట్టే చేతులకు అంటుకుపోతుంది మరి. నేను అదే స్కూల్లో ఫస్ట్ ఎయిడ్ గది చూసుకుంటాను. ఇన్నాళ్లూ నా పనల్లా మడమలూ మోకాళ్లే. వాళ్లు బరువులెత్తడం మొదలుపెట్టాకే నాకు భయం పట్టుకుంది.

ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు బరువులెందుకని కొందరు అడిగారు. ఇనప బార్‌ను నేల మీంచి ఒక్క ఊపులో తలపైకి లేపే విసురే, గాల్లోకి ఎగిరేటప్పుడు కాళ్లకు వస్తుందని కొత్తగా వచ్చిన బరువుల మాస్టారు చెప్పారు. పాత సామాన్ల గది ఖాళీ చేయించి, కింద చెక్కలు పరిపించి, బార్‌కు ఎక్కించే రబ్బరు ప్లేట్లు తెప్పించారు. అయితే మొదటి రోజు ఆయన ఎత్తడం నేర్పలేదు.

"ముందు పడెయ్యడం నేర్చుకోండి," అన్నారు. "బార్ వెనక్కి పోతోందా, వదిలేసి ముందుకు దూకండి. ముందుకు పడుతోందా, వదిలేసి వెనక్కి జరగండి. ఆపుదామని చూశారో, భుజం పోతుంది."

పిల్లలకు అంతకంటే ఏం కావాలి. ఇంట్లో గ్లాసు జారితే తిట్లు తినేవాళ్లు ఇక్కడ దబదబా పడేస్తూ నవ్వుకున్నారు. తమ్ముడొక్కడే నడుం వంచి, నిద్రపోయే పసిపిల్లను దించినట్టు బార్‌ను కింద పెట్టాడు. మాస్టారు మళ్లీ చేయించారు. మళ్లీ అంతే. చేతికొచ్చింది నేలకు తగలకూడదన్నదే వాడు చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నది. మాస్టారు నవ్వలేదు. వదలడం వచ్చేదాకా నీకు ఖాళీ బారే అని తేల్చేశారు.

ఇంట్లో వాణ్ణి మంచం పక్కన నిలబెట్టి తలగడ ఇచ్చాను. తలపైకెత్తి వెనక్కి వదిలెయ్యమన్నాను. వాడు వెనక్కి తిరిగి, వంగి, మంచం మీద పెట్టాడు.

"తలగడకు దెబ్బ తగులుతుందేంట్రా?"

"నవ్వకక్కా. వదిలెయ్యాలనే అనుకుంటా. వేళ్లు వినవు."

దాంతో నా నవ్వు ఆగిపోయింది. భుజం గూడు తప్పిన పిల్లవాణ్ణి నేనొకసారి చూశాను. వాడు అరవలేదు. మొహంలో రంగంతా దిగిపోయి, తన చెయ్యి ఇంకెవరిదో అయినట్టు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అది తలుచుకున్నప్పుడల్లా అక్కడ తమ్ముడి మొహమే కనిపించేది. అప్పట్నుంచీ సాధన వేళకు ఐసు సంచి పట్టుకుని బరువుల గది గుమ్మంలో నిలబడేదాన్ని.

ఒకరోజు ఫుట్‌బాల్ సార్ పిలిస్తే మాస్టారు వరండాలోకి వెళ్లారు. తాను వచ్చేదాకా ఎవరూ బార్ ముట్టుకోవద్దని చెప్పే వెళ్లారు. కెప్టెన్ మా వాడి వంక చూసి, "బంకగారు ఇంకా చీపురుపుల్లే ఎత్తుతున్నారా?" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు ప్లేట్లు తెచ్చి రెండు వైపులా ఎక్కించాడు. వద్దురా అన్నాను. ఆ నవ్వుల్లో నా మాట కలిసిపోయింది.

బార్ లేచింది. వాడు దాని కిందికి దిగి, గొంతుక్కూర్చుని, చేతులు చాచి తలపైన నిలిపాడు. ఒక్క క్షణం అంతా బాగానే ఉంది. తర్వాత బార్ మెల్లగా వెనక్కి వాలడం మొదలుపెట్టింది.

వాడు వదల్లేదు. మెడ నరాలు పొంగాయి. మోచేతులు వణికాయి. భుజాలు వెనక్కి, ఇంకా వెనక్కి పోతున్నాయి. నేను ఒకడుగు వేశాను. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మాస్టారు చెయ్యి అడ్డంపెట్టి నన్ను ఆపేశారు. పడుతున్న బార్ దగ్గరికి ఎవరూ పోకూడదు.

"వదులు," అన్నారు, గొంతు పెంచకుండా.

వాడి వేళ్లనే చూస్తున్నాను. తెల్లబడిపోయాయి. చిటికెన వేలు లేచింది, మళ్లీ ముడుచుకుంది. ఆ తర్వాత అన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి.

బార్ వెనక పడి గదంతా అదిరింది. తమ్ముడు ముందుకు బోర్లాపడ్డాడు. నేను పరుగున వెళ్లి భుజాలు రెండూ తడిమి చూశాను. గూళ్లు కదల్లేదు. మాస్టారు కెప్టెన్‌నూ వీణ్ణీ చెరొక పక్కన కూర్చోబెట్టి, తర్వాత మాట్లాడతానన్నారు.

తమ్ముడు మాత్రం తన అరచేతులనే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"అక్కా, ఇవి వదలడం నేర్చుకున్నాయి," అన్నాడు. "రేపు బంతి కూడా వదిలేస్తే?"

మూలనున్న బంతి కనిపిస్తే వెళ్లి తీసుకున్నాను.

"వెయ్యక్కా," అన్నాడు వాడు, చేతులు చాచి.

విసరబోయాను. అందరూ మా వంకే చూస్తున్నారు. ఈసారి నా వేళ్లు వినలేదు; బంతి నా చేతుల్లోంచి కదల్లేదు.