ఈశాన్యం పక్క బార్డర్

మడికొండలో మరిది శేఖర్ కట్టుకున్న కొత్త ఇంట్లోకి పద్మలత అడుగుపెట్టేసరికి హాలంతా చెక్క పరుచుకుని ఉంది. తేనె రంగు ఇంజనీర్డ్ వుడ్ పలకలు, వాటి చుట్టూ జానెడు వెడల్పున ముదురు రంగు బార్డర్, అందులో వరసగా డైమండ్ ఆకారపు ముక్కలు.

పదేళ్ల కిందట హనుమకొండలో తన ఇల్లు కడుతున్నప్పుడు ఇలాంటి బార్డరే కావాలంటే భర్త గోపాల్ "నేల మీద నడుస్తమా, పూజ చేస్తమా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ అరగలేదు.

తోడికోడలు రమ్య ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, టైముకొచ్చినవ్. ఇంక గమ్ము పెట్టలే, ఉత్తగ పరిచి చూపెడతాండు. నీ కండ్లకు దొరకని వంకర ఉండదు. జర చూడు. నువ్వు సరే అంటెనే అతికిస్తడు."

మిస్త్రీ సారంగపాణి మోకాళ్ల మీద నుంచి లేచి పక్కకు జరిగాడు. "చూడుండ్రి మేడమ్. దారం కట్టి, మూలమట్టం పెట్టి పరిచిన."

పద్మలతకు తప్పు ఒక్క చూపుకే దొరికింది. బార్డర్ సరిగ్గానే ఉంది, హాలే సరిగ్గా లేదు. వాస్తు కోసం ఈశాన్యం పెంచి కట్టారు కదా, తూర్పు గోడ ఉత్తరానికి పోయేకొద్దీ బయటికి జరిగింది. గోడకూ బార్డర్‌కూ నడుమ దక్షిణం కొసన నాలుగు వేళ్ల సందు, ఈశాన్యం కొసన ఏడు వేళ్లు. దారం కొంచెం తిప్పి ఆ తేడాను నాలుగు వైపులకూ పంచితే ఎవరికీ కనబడదు. అరపూట పని. అతికించాక ఇక ఎప్పటికీ అంతే.

"ఏమంటవక్కా?" రమ్య ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగే పద్మలతకు కంట్లో నలుసైంది.

"మంచిగున్నది. అతికియ్యుమను."

తిరిగిపోయే ఆటోలో ఆ ఏడు వేళ్లను తలుచుకుంటే ఆమె కడుపు చల్లబడింది.

గృహప్రవేశం నాడు పాలు పొంగాక చుట్టాలంతా హాల్లో చేరారు. పద్మలత తూర్పు గోడ దగ్గరే నిలబడి, ఎవరి నోట వస్తుందా అని చూసింది. అత్తగారు రాజేశ్వరి అక్కడే ఆగి, కళ్లద్దాలు సర్దుకుని వంగింది.

"ఏమే రమ్యా! ఈశాన్యం ఎంత ముద్దుగ పెరిగిందే! గీత గీసినట్టు కనబడతాంది. వాస్తంటె ఇట్లుండాలె."

అందరూ మూగారు. ఫోన్లు బయటికొచ్చాయి. "మా ఇంట్ల గూడ గిట్లనే పెట్టిస్త" అన్నది ఎవరో.

రాజేశ్వరి పెద్దకోడలి వైపు తిరిగింది. "నీ ఇంట్ల ఈశాన్యం ఉన్నదో లేదో దేవునికే ఎరుక పద్మా."

పద్మలత చెవులు భగ్గుమన్నాయి. "అది వాస్తు కాదత్తమ్మా, తప్పు! ఇటు నాలుగు వేళ్లు, అటు ఏడు. గమ్ము పెట్టకముందు దారం జర తిప్పితే అయిపోతుండె!"

అత్తగారు మళ్లీ వంగి, వేళ్లు పెట్టి కొలిచింది. ఫోన్లు ఒక్కటొక్కటే కిందికి దిగాయి.

రమ్య మాత్రం నేల వైపు చూడలేదు. అందరికీ బొట్టు పెడుతూ పద్మలత దాకా వచ్చింది, కుంకుమ భరిణె చేతిలో ఉంది.

"అయితే ఆ దినమే నీకు కనబడ్డదా అక్కా?"

పద్మలత చూపు ఆ ఏడు వేళ్ల సందు మీదికి జారింది.

రమ్య ఆమెను దాటి, పక్కనున్నామెకు బొట్టు పెట్టింది.