ఇల్లరికం ఒప్పని కోడు

2002లో మేడ్చల్‌లోని మా చిన్న కంపెనీలో కోడు రాసేది ఇద్దరమే. ఒకణ్ని నేను, రెండోది లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చే దుర్గాబాయి. తుర్కపల్లిలో ఒక ల్యాబుకు, కోల్డ్ రూముల ఉష్ణోగ్రత నమోదు చేసే ప్రోగ్రాం ఆమె పని. నెలలో కావాల్సింది రెండు నెలలు పట్టింది. లెక్కలన్నీ ఏ కంప్యూటరుకైనా పనికొచ్చేలా రాసి, విండోస్‌కు మాత్రమే అర్థమయ్యే మాటలను విడిగా ఒక్క ఫైలులో పెట్టేది. యూనిక్స్ అనే వేరే రకం సిస్టముకు ఇంకో ఫైలు. ప్రతి శుక్రవారం మూలనున్న పాత యూనిక్స్ మిషను మీద కూడా నడిపి చూసేది.

"విండోసుకు రాస్తే సాలు గద దుర్గమ్మా. నీ కోడుతోని నాకు గోడు," అనేవాణ్ని.

"ఇల్లరికపు అల్లుని లెక్క ఒక్కింట్లనే కూసునే కోడు నేను రాయనన్నా," అనేది.

ఓనరు శేఖర్‌కు ఓపిక అయిపోయింది. "శనివారం ల్యాబుల నడవకుంటే వేరే కొలువు సూసుకో," అన్నాడు.

శనివారం ముగ్గురం వెళ్లి చూస్తే ల్యాబులో అన్నీ యూనిక్స్ మిషన్లే. ఆర్డరు తెచ్చిన శేఖర్ ఆ సంగతే అడగలేదు. "ఇంకో నెల టైమియ్యండి సార్," అని ల్యాబు పెద్దను బతిమాలసాగాడు.

"నెలెందుకు సార్? చాయ్ తాగుండ్రి," అంది దుర్గాబాయి. సంచిలోంచి ఫ్లాపీ తీసి ఒక్క ఫైలు మార్చింది. చాయ్ చల్లారకముందే తెర మీద గదిగదికీ ఉష్ణోగ్రత కనబడింది.

"ఈ మిషను కోసమే రాశారా?" అడిగాడు ల్యాబు పెద్ద.

"దీనికే అని గాదు సార్. దేనికైనా."

శేఖర్ నా వైపు తిరిగి, "నువ్వు సుత ఆమె దగ్గర నేర్సుకో," అన్నాడు. తిట్టు పడింది నాకే, ఆమెను చూసి గర్వంతో ఛాతీ ఉబ్బింది కూడా నాదే.